సీసాలో చందనమా, డీఓపీయా?

వానలు పడితే ఒడిశాలోని గంజాం తీరం వెంబడి మొగలి పొదలు పూతకొస్తాయి. ఛత్రపురం, రంగైలుండ, చికిటి, గంజాం బ్లాకుల్లో ఇసుక నేలల మీద, పొలం గట్ల మీద కంచెలా అల్లుకున్న పొదలివి. ముళ్ల ఆకుల మధ్యకు చేయి పోనిచ్చి మగ పూలనే కోస్తారు, వాసన వాటిదే కాబట్టి. దేశంలో తీసే మొగలి తైలంలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు ఈ ఒక్క జిల్లాదే. ఇదే జిల్లాలోని బరంపురం తెలుగువాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు అది. తెలుగిళ్లలో జడల్లోకి మొగలిరేకులు ఎక్కుతుంటే, అదే పూవు పక్క ఊరి భట్టీలో రాగి పాత్రలోకి ఎక్కుతుంది.

ఆ రాగి పాత్రను దేగ్ అంటారు. సుమారు వెయ్యి పూలు, వాటికి సరిపడా నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్లి, నీటి తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే మరో రాగి పాత్రలో చల్లారుతుంది. భప్కాలో ముందే ఏమీ పోయకపోతే దిగేది రూహ్, అంటే స్వచ్ఛమైన తైలం. అది చాలా కొద్దిగా వస్తుంది, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. భప్కాలో ముందుగా చందన నూనె పోసి ఉంచితే మొగలి పరిమళమంతా ఆ నూనెలోకి ఇంకుతుంది. అదే అత్తరు. పాత్ర చల్లారాక నీళ్లు అడుగున, నూనె పైన విడిపోతాయి. అడుగు నీటిని తీసి మళ్లీ దేగ్‌లో పోస్తారు. నూనె వాసనతో నిండే దాకా రోజుల తరబడి ఇదే పని.

ఈ పద్ధతి అంతా ఒక్క గుణం మీద ఆధారపడి ఉంది. చందన నూనె నీటికంటే కాస్త తేలిక. దాని సాంద్రత 0.97కి అటూ ఇటూ. అందుకే తేలుతుంది. వాసనను గట్టిగా పట్టుకుంటుంది, తొందరగా ఆరిపోదు. అయితే చందనం చెట్లు తరిగిపోయి, గత మూడు నాలుగు దశాబ్దాల్లో దాని నూనె ధర అత్తరువాళ్లకు అందకుండా పోయింది. ఆ ఖాళీలోకి రెండు చవక ద్రవాలు వచ్చాయి. ఒకటి లిక్విడ్ పారాఫిన్. రెండోది వ్యాపారంలో అందరూ డీఓపీ అని పిలిచేది. డీఓపీ సాంద్రత 0.98, రంగు లేదు, వాసన దాదాపు లేదు, 380 డిగ్రీలు దాటితే గానీ మరగదు. చిక్కగా, జిడ్డుగా, చూపుకు చందన నూనెలాగే ఉంటుంది. భప్కాలో అదీ నీటి మీద తేలుతుంది. పనివాడు చేతి అలవాటు ఏమీ మార్చుకోనక్కర్లేదు. అందుకే గంజాంలో గానీ, అత్తర్లకు పేరున్న కన్నౌజ్‌లో గానీ, భారతీయ అత్తరు వ్యాపారమంతటా ఇది ఇంత సులువుగా పాతుకుపోయింది.

ఇంతకీ డీఓపీ పుట్టింది అత్తరు కోసం కాదు. దాని పూర్తి పేరు డై-2-ఇథైల్‌హెక్సైల్ థాలేట్. శాస్త్ర గ్రంథాల్లో డీఈహెచ్‌పీ అని కనిపించేదీ ఇదే. పీవీసీ అనే ప్లాస్టిక్ సహజంగా పెళుసు. దాన్ని రెక్సిన్‌గా, కరెంటు తీగ తొడుగుగా, చెప్పుగా, సెలైన్ గొట్టంగా మార్చాలంటే మెత్తబరచాలి. పూరీ పిండిలో నూనె కలిసినట్టు డీఓపీ ఆ ప్లాస్టిక్ పోగుల మధ్య దూరి వాటిని జారేలా చేస్తుంది. పోగులతో దానికి రసాయన బంధం ఉండదు. వచ్చిన చిక్కంతా ఆ లూజు కాపురంతోనే. వేడి తగిలినా, నూనె తగిలినా, కొవ్వు తగిలినా అది బయటికి నడుస్తుంది. నీటిలో మాత్రం కరగనంటుంది.

తెలుగువాళ్లకు దీనితో ఇంకో చుట్టరికం ఉంది. థాలిక్ ఆన్‌హైడ్రైడ్‌ను, 2-ఇథైల్‌హెక్సనాల్ అనే ఆల్కహాల్‌ను కలిపితే డీఓపీ తయారవుతుంది. ఆ ఆల్కహాల్‌ను విశాఖపట్నంలో 1990ల నుంచి ఆంధ్ర పెట్రోకెమికల్స్ చేస్తోంది. తణుకు ఆంధ్ర షుగర్స్ వాళ్ల సంస్థ ఇది. ముడిసరుకు ప్రొపిలీన్ పక్కనున్న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ నుంచి వస్తుంది. బరంపురం నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊళ్లో ఈ కథకు ముడిసరుకు తయారవుతోందన్నమాట.

మరి ఇది విషమా? ఈ ప్రశ్నకు శాస్త్రం ఇచ్చిన జవాబు నలభై ఏళ్లలో రెండుసార్లు మారింది. అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం ఎలుకలకు, చిట్టెలుకలకు రెండేళ్లపాటు మేతలో డీఓపీ కలిపి పెట్టి, ఫలితాలను 1982లో ప్రకటించింది. ఎలుకల మేతలో అయితే మోతాదు కిలోకు 12 గ్రాముల దాకా వెళ్లింది. రెండింటికీ కాలేయంలో కణితులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అదే ఏడాది దీన్ని ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’ అనే 2బి తరగతిలో పెట్టింది. 2000లో దించేసింది. ఎలుక కాలేయంలో పీపార్-ఆల్ఫా అనే గ్రాహకం రెచ్చిపోవడం వల్లే కణితులు వస్తున్నాయని, మనిషిలో ఆ దారి అంత చురుకు కాదని అప్పటి వాదన. 2007లో జపాన్ పరిశోధకులు ఆ గ్రాహకమే లేకుండా పుట్టించిన చిట్టెలుకలకు డీఓపీ పెట్టారు. వాటికీ కాలేయ కణితులు వచ్చాయి! వాదన కాలు విరిగింది. 2011లో మళ్లీ 2బి.

పత్రికల్లో ‘ప్లాస్టిక్‌తో క్యాన్సర్’ అనే శీర్షిక చదివేవారు 1982, 2000, 2011 అనే మూడు ఏళ్లను గుర్తుంచుకోవడం మేలు. 2బి అంటే క్యాన్సర్ తెస్తుందని తేలిందని కాదు, తేదని తేలిందనీ కాదు. నిజానికి ఇవాళ డీఓపీ మీద ప్రభుత్వాలు పెట్టిన కట్టుబాట్లలో ఎక్కువ వాటికి కారణం క్యాన్సర్ కాదు, కడుపులో ఉన్న మగబిడ్డ.

కడుపుతో ఉన్న ఎలుకకు డీఓపీ ఇస్తే పుట్టే మగపిల్లల్లో పురుష హార్మోను టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. వృషణాలు దిగకపోవడం, జననాంగాల అమరిక చెడిపోవడం, మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం కుంచించుకుపోవడం కనిపిస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థలో ఎర్ల్ గ్రే బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ కీలకం. వాళ్లు ఒక్క డీఓపీతో ఆగలేదు, దాని అన్నదమ్ములైన ఇతర థాలేట్లనూ పరీక్షించారు. డీఓపీ, బీబీపీ, కొంత తక్కువగా డీఐఎన్‌పీ ఈ హాని చేశాయి. పరిమళ ద్రవ్యాల్లో విరివిగా వాడే డై ఇథైల్ థాలేట్ చేయలేదు. డీఓపీకి అచ్చు కవల లాంటి డీఓటీపీ కూడా చేయలేదు. రెండింటిలోనూ ఆ విశాఖ ఆల్కహాలే ఉంటుంది; బెంజీన్ వలయం మీద రెండు చేతులు పక్కపక్కన ఉంటే డీఓపీ, ఎదురెదురుగా ఉంటే డీఓటీపీ. అంత చిన్న తేడాకే హాని కనబడకుండా పోయింది. ‘థాలేట్లన్నీ విషాలే’ అని గంపగుత్తగా తిట్టేవారికీ, ‘ఏమీ కాదు, ఏళ్లుగా వాడుతున్నాం’ అనేవారికీ ఈ ఒక్క ప్రయోగమే జవాబు.

మనుషుల్లో దీనికి దగ్గరగా వచ్చిన పరిశీలన 2005 నాటిది. షానా స్వాన్ బృందం గర్భిణుల మూత్రంలో థాలేట్ల అవశేషాలు కొలిచి, పుట్టిన మగబిడ్డల్లో అదే దూరాన్ని కొలిచింది. కొన్ని థాలేట్లు ఎక్కువున్న తల్లుల బిడ్డల్లో ఆ దూరం తక్కువగా ఉంది. పిల్లల సంఖ్య చిన్నది, విమర్శలూ వచ్చాయి. కానీ ఎలుకలో చూసిన గుర్తు మనిషి బిడ్డలోనూ అదే వైపు వంగడం ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేకపోయారు.

ఇక కొలత సంగతి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2019లో రోజుకు శరీర బరువులో కిలోకు 50 మైక్రోగ్రాముల హద్దు గీసింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే పద్ధతి అర్థమవుతుంది. ఎలుకల్లో ఏ హానీ కనిపించని మోతాదు రోజుకు కిలోకు 4.8 మిల్లీగ్రాములు. ఎలుకకూ మనిషికీ తేడా ఉండొచ్చని పదితో, మనిషికీ మనిషికీ తేడా ఉండొచ్చని ఇంకో పదితో భాగించారు. యాభై కిలోల గర్భిణికి లెక్క వేస్తే రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు. ఆహారం ద్వారా ఎక్కువగా అందుకునే యూరోపియన్లకు కూడా, డీఓపీతో పాటు మరో మూడు థాలేట్లు కలిపి చూసినా, ఈ హద్దులో గరిష్ఠంగా 23 శాతమే చేరుతోందని అదే సంస్థ తేల్చింది.

కంగారు పడనక్కర్లేదనిపించే అంకెలే. ఆ లెక్క మాత్రం తిండి వరకే. అత్తరు అందులో లేదు. సౌందర్య సాధనాల్లో డీఓపీని యూరప్ 2004లోనే నిషేధించింది కాబట్టి అక్కడ ఆ బెంగ లేదు కూడా. గంజాం లెక్క వేరేగా వేయాలి. రెండు చుక్కల అత్తరు అంటే సుమారు 70 మిల్లీగ్రాములు. అందులో చాలా భాగం డీఓపీయే అనుకుందాం. చర్మం గుండా అది చాలా నెమ్మదిగా వెళుతుంది. లెక్క సులువు కోసం వందలో ఒక వంతు లోపలికి పోయిందనుకుంటే 0.7 మిల్లీగ్రాము. ఎక్కువగా అందుకునే యూరోపియన్ రోజంతా తిండి ద్వారా పొందే దానికంటే ఇది ఒక మెట్టు పైనే. హద్దు దాటలేదు, నిజమే. ఇది ముతక లెక్క, అసలు అంకె ఇంతకంటే తక్కువ కావచ్చు. అయినా పండుగకో పెళ్లికో రాసుకునేవారి సంగతి వేరు, రోజూ రాసుకునే గర్భిణి సంగతి వేరు. భట్టీ దగ్గరా, సీసాలు నింపే చోటా మోచేతుల దాకా తడిసే పనివాళ్ల సంగతి మరీ వేరు.

నోటి దారి ఇంకా సూటిది. మొగలి వాసనకు పెద్ద గిరాకీ పాన్‌మసాలా, జర్దాల నుంచే. నోట్లోకి వెళ్లిన డీఓపీకి చర్మం లాంటి అడ్డుగోడ ఉండదు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గుర్తు వేసిన డీఓపీని ఒక వలంటీరు మింగితే, ఒక్క రోజులో 67 శాతం వేర్వేరు రూపాల్లో మూత్రంలో దొరికింది. అంటే లోపలికి పోయింది, తొందరగానే బయటికీ వచ్చింది. అయినా జర్దా నమిలేవాడు డీఓపీ గురించి బెంగపెట్టుకోవడం వరస తప్పిన బెంగే. వక్కను, పొగాకును అదే అంతర్జాతీయ సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో ఎప్పుడో చేర్చింది. అక్కడ ముందు మానాల్సింది నమలడం.

ఒక్క రోజులో బయటికి పోతుందన్న మాటను గంజాం జిల్లా తన పాత అనుభవం పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, గంజాం పట్టణం దగ్గర, జయశ్రీ కెమికల్స్ కర్మాగారం పాదరసం సెల్స్‌తో క్లోరిన్, కాస్టిక్ సోడా తయారుచేసేది. ఆ వ్యర్థాల్లోని పాదరసం నేలలో, మొక్కల్లో, చేపల్లో ఎలా పేరుకుందో బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచారు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే కాబట్టి రెండు కథలకూ వంశం ఒకటే. పాదరసం ఒకసారి బురదలో చేరితే తరాలు ఉంటుంది. దాన్ని వెతకాలంటే బురద తవ్వాలి. డీఓపీ నిన్నటిది ఇవాళ ఉండదు, కానీ ఇవాళ్టిది మళ్లీ వస్తుంది. దాన్ని మనుషుల్లోనే వెతకాలి. అమెరికా 1999 నుంచి తన జనం మూత్రంలో థాలేట్ల అవశేషాలు కొలుస్తోంది. గంజాంలో ఈ పని చేయాలంటే పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. సీజన్‌లో భట్టీ పనివాళ్ల మూత్రం, సీజన్ ముగిశాక వాళ్లదే మరోసారి, ఊళ్లోని ఇతరులది పోలికకు.

అత్తరు కంటే, బొమ్మ కంటే, తిండి కంటే ఎక్కువ మోతాదు ఎక్కడ పడుతుందంటే ఆసుపత్రిలో. రక్తపు సంచి బరువులో మూడో వంతు దాకా డీఓపీ ఉంటుంది. అది నిల్వ రక్తంలోకి కారుతోందని 1970లోనే అమెరికాలో జేగర్, రూబిన్ చూపించారు. సంచిలో రోజులు గడిచేకొద్దీ మోతాదు పెరుగుతుంది. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటి చోట్లకు సికిల్ సెల్, తలసేమియా రోగులు ఏడాది పొడవునా రక్తం కోసం వస్తూనే ఉంటారు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఎర్ర రక్తకణాల పొరను ఆ డీఓపీయే కాపాడుతోంది. అది లేని సంచుల్లో కణాలు ఎక్కువగా పగిలిపోతాయి. విషమని వేలెత్తి చూపించినదే రక్తం చెడకుండా కాస్తోంది. బదులు దొరకడం ఇంతకాలం పట్టింది అందుకే. యూరప్ కూడా వైద్య పరికరాలకు 2030 దాకా గడువు పొడిగించాల్సి వచ్చింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విభాగంలో దీన్ని చేత్తో తడిమి చూడొచ్చు. పాలు పట్టే పీవీసీ గొట్టం పెట్టినప్పుడు మెత్తగా ఉంటుంది. కొన్ని రోజులకు బిరుసెక్కుతుంది. పాలలోని కొవ్వు దాని మెత్తదనాన్ని లాగేసుకుంది. ఆ పోయినదంతా కిలోన్నర బరువున్న బిడ్డ కడుపులోకే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2002లో ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది. మగశిశువులకు, మగబిడ్డను మోస్తున్న గర్భిణులకు వీలైనంతవరకు డీఓపీ లేని గొట్టాలు వాడమంది. అవి లేవని అవసరమైన చికిత్స ఆపొద్దని, ఆపడం వల్ల వచ్చే ముప్పే పెద్దదని కూడా అదే కాగితంలో రాసింది. ఈ వ్యవహారం మొత్తంలో ఇంత ఆరోగ్యకరమైన వాక్యం ఇంకొకటి కనబడదు.

భయం చాలాసార్లు తప్పు చోట వాలుతుంది. మంచినీళ్ల సీసా పెట్ ప్లాస్టిక్. దానికి మెత్తబరిచే రసాయనం అక్కర్లేదు. పాల ప్యాకెట్ పాలిథిన్, దానికీ అక్కర్లేదు. గట్టి పీవీసీ పైపుకూ అక్కర్లేదు. బరంపురం పేరు చెబితే గుర్తొచ్చే పచ్చళ్ల దగ్గరే చూద్దాం. గాజు సీసా క్షేమం అనుకుంటాం. దాని ఇనుప మూత లోపల గాలి చొరకుండా ఒక మెత్తటి వలయం ఉంటుంది. చాలాసార్లు అది పీవీసీయే. సీసాను పక్కకు వాల్చి పెడితే నూనె దాన్ని తడుపుతూ ఉంటుంది. యూరప్‌లో నూనె పదార్థాల సీసా మూతల మీద 2000ల్లో పెద్ద రగడే జరిగింది.

కావాలని కలిపిన కథ తైవాన్‌ది. పళ్ల రసాలకు మబ్బు రంగు తెచ్చే పొడిలో పామాయిల్ వాడాలి. డీఓపీ చవక అని అదే కలిపేశారు. 2011 మే నెలలో బయటపడి దుకాణాల నుంచి పానీయాలను, మందుగోళీలను కట్టలకొద్దీ వెనక్కి తీశారు. చందన నూనె చోట డీఓపీ పోయడానికీ దీనికీ తర్కం ఒక్కటే. ఖరీదైన నూనె స్థానంలోకి, చూపుకు తేడా తెలియని చవక నూనె.

మన చట్టం బొమ్మల దగ్గర మేలుకుంది. 2009లో దిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 24 బొమ్మలన్నిటిలో థాలేట్లు దొరికాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఆ ప్రమాణంలో థాలేట్ల హద్దు ఉంది. ఆహారం ప్యాక్ చేసే ప్లాస్టిక్ నుంచి డీఓపీ కిలోకు 1.5 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన చేర్చింది. అత్తరు దుకాణంలో మాత్రం రెండు అంగుళాల సీసా మీద ‘కేవడా’ (మొగలి) అనే పేరు, ధర ఉంటాయి. లోపలి ఆధారం చందనమా, పారాఫినా, డీఓపీయా రాసి ఉండడం అరుదు.

తెలుసుకోవడం మరీ కష్టమేమీ కాదు. 70 శాతం ఆల్కహాల్‌లో స్వచ్ఛమైన చందన నూనె తేటగా కరుగుతుంది. డీఓపీ గానీ పారాఫిన్ గానీ కలిస్తే మబ్బు కడుతుంది. ఏది కలిసిందో, ఎంత కలిసిందో చెప్పాలంటే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ కావాలి. కన్నౌజ్‌లో 1991లో పెట్టిన సుగంధ ద్రవ్యాల అభివృద్ధి కేంద్రం పనుల్లో ఇలాంటి పరీక్షలూ ఉన్నాయి.

భట్టీ యజమానిని ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటి మొగలి తోటలను పీకి పారేసింది. తైలాన్ని టోకున కొనేవాళ్లు ధర తెగ్గోస్తారు. చందనం బేస్ అడిగే కొనుగోలుదారు దానికి తగ్గ డబ్బు పెట్టడు. బదులు నూనెలు లేకపోలేదు. పరిమళ పరిశ్రమ డైప్రొపిలీన్ గ్లైకాల్, ట్రైఇథైల్ సిట్రేట్ వాడుతోంది. కానీ అవి డీఓపీలా భప్కాలో ఒదగవు. గ్లైకాల్ నీటిలో కలిసిపోతుంది. సిట్రేట్ నీటికంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. తేలే నూనె మీద కట్టిన పద్ధతిలో అవి ఇమడాలంటే ముందు రూహ్ తీసి, తర్వాత వాటిలో కలపాలి. అంటే భట్టీవాడు తన పనివరస మార్చుకోవాలి, పెట్టుబడి పెంచుకోవాలి. ప్లాస్టిక్ పరిశ్రమకు ఈ ఇబ్బంది లేదు; అది డీఓపీ నుంచి డీఓటీపీకి మెల్లగా జరుగుతోంది. రెండింటికీ ముడిసరుకు ఆ ఆల్కహాలే కాబట్టి విశాఖ కర్మాగారానికీ పెద్ద నష్టం లేదు.

గంజాం మొగలి పూవుకు, రూహ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పూవుకూ, స్వచ్ఛమైన తైలానికీ మాత్రమే. చవక నూనెలో ముంచిన అత్తరుకు కాదు. సీసా మీద ఆధార నూనె పేరు అచ్చువేయడాన్ని తప్పనిసరి చేస్తే రూహ్ వేరు, చందనం అత్తరు వేరు, డీఓపీ అత్తరు వేరు అని మూడు ధరలు పడతాయి. గర్భిణి మూడోదాన్ని పక్కన పెడుతుంది. భట్టీలో పనిచేసేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాల్సింది కూడా ఆ మూడో సరుకు నింపేచోటే.